ఇంట్లో చేసే సన్‌స్క్రీన్‌కి ఏ యాంటీఆక్సిడెంట్ మంచిది? (నిపుణుల సమాధానం)

ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్లకి సంగతి తెలియాలి కదా. మీరుండేది చెన్నైలో, వేళచ్చేరి. స్కూటీ మీద ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో ఆఫీసుకి వెళ్తారు. బజార్లో కొన్న సన్‌స్క్రీన్ చెమటకి కారి కళ్లలో దిగి మండుతోందని ఇంట్లోనే తయారుచేసుకున్నారు. అందులో జింక్ ఆక్సైడ్, కొంచెం టైటానియం డయాక్సైడ్, రాస్ప్‌బెర్రీ గింజల నూనె, క్యారట్ సీడ్ ఆయిల్, నీళ్లకి బదులు గ్రీన్ టీ డికాక్షన్, కత్తిరించి పిండిన ఎవియాన్ (విటమిన్ ఇ) క్యాప్సూల్స్, పైన అర చెంచా విటమిన్ సి పొడి వేశారు. వారం తిరక్కుండానే క్రీము నారింజ రంగుకి తిరిగింది, వాసన కూడా మారింది. ఇప్పుడు ఫెరూలిక్ యాసిడ్ కలపనా, రెస్వెరాట్రాల్ కలపనా, కోక్యూటెన్ కలపనా అని అడిగారు. ఆఫీసులో ఇద్దరు అడుగుతున్నారు, ఇవ్వచ్చా అని చివర్లో ఇంకో ప్రశ్న.

నేను అంబత్తూరు ఎస్టేట్‌లో క్రీములు, లోషన్లు చేసే ఒక యూనిట్‌లో ఫార్ములేషన్ చూస్తాను. సూటిగా చెప్తున్నాను, ఆ క్రీములో ఇంకేమీ కలపకండి. ఉన్నవే ఒకదాన్నొకటి తినేస్తున్నాయి.

యాంటీఆక్సిడెంట్ అనగానే అది ఎండని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఎండని ఆపేది జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, అవోబెన్‌జోన్ లాంటి ఫిల్టర్లు. వాటిని దాటి లోపలికి దిగిన కిరణాల వల్ల చర్మంలో ఫ్రీ రాడికల్స్ పుడతాయి, అంటే పక్కనున్న కణాల్ని పాడుచేసే చురుకైన అణువులు. వాటిని చల్లార్చడం యాంటీఆక్సిడెంట్ పని. ఏ సన్‌స్క్రీనూ నూటికి నూరు శాతం ఆపదు కాబట్టి ఆ పనికి విలువ ఉంది, కాదనను. ఇంకో పని కూడా ఉంది: డబ్బాలో ఉన్న నూనె పాడవకుండా చూడటం. ఈ రెండు పనులకీ సాధారణంగా వేరే వేరే పదార్థాలు కావాలి, వేరే మోతాదులు కావాలి. మీ ఫార్ములాలో ఏది దేనికి వేశారో మీరే ఒకసారి చూసుకోండి. ప్రతిదాన్నీ "మంచిది" అని వేశారు తప్ప ఫలానా పనికని వేసినట్టు లేదు.

ఎవియాన్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే తెలుగింట్లో ముఖానికైనా జుట్టుకైనా అందరూ దాన్నే పిండుతారు. అందులో ఉండేది టోకోఫెరిల్ అసిటేట్, విటమిన్ ఇ లో ఒక రూపం. విటమిన్ ఇ అణువులో రాడికల్‌ని పట్టుకునే చోటు ఒకటి ఉంటుంది. అసిటేట్‌లో ఆ చోటికి మూత బిగించేశారు, నిల్వ ఎక్కువ కాలం ఉండాలని. చర్మంలోని ఎంజైములు ఆ మూతని మెల్లగా తీస్తాయి. మీ డబ్బాలో ఎంజైములు ఎక్కడున్నాయి? కాబట్టి రాస్ప్‌బెర్రీ నూనెకి ఆ నాలుగు క్యాప్సూల్స్ వల్ల ఒరిగిందేమీ లేదు. నూనెని కాపాడాలంటే మూత లేని టోకోఫెరాల్ కావాలి. "మిక్స్‌డ్ టోకోఫెరాల్స్" అని అడగండి. ముదురు తేనె రంగులో చిక్కగా, జిగటగా ఉంటుంది. అందులో ఆల్ఫాతో పాటు గామా, డెల్టా రకాలు కూడా ఉంటాయి, నూనెల్ని కాపాడటంలో ఆ రెండూ ఆల్ఫా కంటే మెరుగు. ఎంత వేయాలి? నూనె బరువులో 0.1 నుంచి 0.2 శాతం. మీ బ్యాచ్‌లో 20 గ్రాముల నూనె ఉంటే 0.02 నుంచి 0.04 గ్రాములు, అంటే ఒక చుక్క. మంచిదే కదా అని చెంచాడు పోస్తే టోకోఫెరాల్ తిరగబడుతుంది, నూనె ఆక్సీకరణని తనే పెంచుతుంది. ఈ కొలతలకి వంటింటి త్రాసు పనికిరాదు. 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ త్రాసు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది కొనండి. చెంచాలతో ఫార్ములా రాసేవాళ్ల మాట నమ్మకండి.

రోజ్‌మెరీ ఎక్స్‌ట్రాక్ట్ అని నూనెలో కరిగేది ఒకటి ఉంది, అందులో కార్నోసిక్ యాసిడ్ పనిచేస్తుంది. అదీ డబ్బాలో నూనెకి కాపలాయే. రోజ్‌మెరీ ఎసెన్షియల్ ఆయిల్ వేరు, దానికి ఈ పని చేతకాదు. షాపువాడు రెండూ ఒకటే అంటాడు, లేబుల్ చూసి తీసుకోండి.

అసలు ఇన్ని కాపలాలు పెట్టే బదులు నూనె మార్చేయొచ్చు. రాస్ప్‌బెర్రీ గింజల నూనెలో లినోలెయిక్, లినోలెనిక్ ఆమ్లాలే 80 శాతం పైన. అవి గాలికి తొందరగా ఆక్సీకరణ చెందుతాయి. చెన్నై వేసవిలో వంటింటి అలమరలో 35, 36 డిగ్రీల్లో ఉంటే ఇంకా తొందరగా. మీకు వచ్చిన వాసన అదే, పండగ అయ్యాక నెల్లాళ్లు మర్చిపోయిన చేగోడీల డబ్బా మూత తీస్తే వచ్చే వాసన. దాని బదులు క్యాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్ వాడండి, కొబ్బరి నూనె నుంచి తీసేదే, రంగు వాసన ఉండదు, తేలిగ్గా పాడవదు. స్క్వాలేన్ అనే నూనె కూడా తేలిగ్గా పాడవదు. మన నువ్వుల నూనె కొంత మెరుగు, అందులో సెసమాల్ అని సొంత యాంటీఆక్సిడెంట్ ఉంది. ఆవకాయ ఏడాది నిలవడంలో ఉప్పు, కారం, ఆవపిండితో పాటు దానికీ కాస్త వాటా ఇవ్వాలి. కానీ ముఖానికి జిడ్డు, పైగా ఎండని ఆపదు.

ఎండని ఆపే నూనెల కథ కూడా ఇక్కడే చెప్పేస్తాను. రాస్ప్‌బెర్రీ నూనె ఎస్పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 28 నుంచి 50 అని, క్యారట్ నూనె 38 అని నెట్‌లో తిరుగుతోంది. రాస్ప్‌బెర్రీ మాట 2000లో వచ్చిన ఒక పరిశోధన నుంచి పుట్టింది. ఆ నూనె యూవీని (ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని) పీల్చుకునే తీరుని టైటానియం డయాక్సైడ్‌తో పోల్చి చూశారు, అంతే. ముఖానికి రాసి కొలిచింది కాదు. ఇంకో రకం పరీక్ష ఉంది, మాన్సూర్ సమీకరణం అంటారు. నూనెని ఆల్కహాల్‌లో పలచగా కరిగించి, గాజు గొట్టంలో పోసి, యంత్రంలో కాంతి ఎంత పీల్చుకుందో చూస్తారు. 2010లో ఆ పద్ధతిలోనే కొబ్బరి నూనెకి, ఆలివ్ నూనెకి 7, 8 దాకా అంకెలు వచ్చాయి. చర్మం మీద పల్చటి పొరగా రాసినప్పుడు అది ఎలా పరుచుకుంటుంది, గీతల్లోకి ఎలా దిగుతుంది అన్నది ఆ గొట్టానికి తెలియదు. అసలు ఎస్పీఎఫ్ కొలిచే ఐఎస్ఓ 24444 పద్ధతిలో మనుషుల వీపు మీద చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి, యూవీ దీపం వేసి, ఎర్రబడటానికి ఎంత మోతాదు కిరణాలు పట్టాయో చూస్తారు.

ఇక మీ క్రీము రంగు. ఇది నాకు బాగా ఆసక్తిగా అనిపించింది, ఎందుకంటే ఆ నారింజ రంగే అసలు గుట్టు చెప్తోంది. గ్రీన్ టీలో ఉండే కాటెకిన్లు టైటానియం డయాక్సైడ్ రేణువు పైభాగానికి అతుక్కుంటాయి. అలా అతుక్కున్నప్పుడు తెల్లటి పొడి పసుపు, నారింజ రంగుల్లోకి తిరుగుతుంది. నమ్మకం లేకపోతే ఒక గిన్నెలో చిటికెడు టైటానియం డయాక్సైడ్, ఇంకో గిన్నెలో చిటికెడు జింక్ ఆక్సైడ్ వేసి, రెండింట్లోనూ చల్లారిన గ్రీన్ టీ నాలుగు చుక్కలు వేసి పక్కపక్కన పెట్టండి. తేడా మీకే కనిపిస్తుంది. విటమిన్ సి కూడా టైటానియంతో ఇదే పని చేస్తుంది. అంటే మీరు చర్మం కోసం వేసిన యాంటీఆక్సిడెంట్లలో కొంత భాగం పొడికి అంటుకుని డబ్బాలోనే ఉండిపోయింది. పైగా గ్రీన్ టీలోని ముఖ్యమైన కాటెకిన్, ఈజీసీజీ, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం) 7 దగ్గర నిలవదు, గోధుమ రంగుకి తిరుగుతూ పోతుంది. జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము పీహెచ్ 7 పైనే ఉంటుంది. డికాక్షన్ వేస్తే ఇంకో చిక్కు ఉంది. ఆకు కషాయం బ్యాక్టీరియాకి, బూజుకి భోజనం లాంటిది, దాన్ని మామూలు ప్రిజర్వేటివ్ మోతాదు ఆపలేదు. మీ ఫార్ములాలో ప్రిజర్వేటివ్ పేరే కనపడలేదు. ఒక్క ఈ కారణానికే ఆ డబ్బా పారేయాలి.

విటమిన్ సి సంగతి ఇంకా స్పష్టం. ఎల్ ఆస్కార్బిక్ యాసిడ్ చర్మంలోకి దిగాలంటే పీహెచ్ 3.5 కంటే తక్కువ ఉండాలి. జింక్ ఆక్సైడ్ క్షారం, ఆమ్లం తగిలితే కరుగుతుంది. మీరు అర చెంచా పొడి వేసిన క్షణం నుంచి ఆమ్లం జింక్‌ని కరిగించడం మొదలుపెట్టింది, జింక్ ఆమ్లాన్ని చంపడం మొదలుపెట్టింది. ఎండని ఆపే పొడి కొంత పోయింది, విటమిన్ సి మొత్తం పనికిరాకుండా పోయింది. కరిగిన జింక్ అయాన్లు చిక్కదనం కోసం వేసే కార్బోమర్‌ని కూడా కూలగొడతాయి. అందుకే పైన నీళ్లు తేలాయేమో చూడండి. నిమ్మరసం పిండే వీడియోలు చూసి ఉంటే అదీ ఇదే కథ, పైగా నిమ్మ తొక్క నూనెలో ఉండే పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్ల మచ్చలు తెస్తాయి.

కోటింగ్ లేని జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ యూవీ తగిలినప్పుడు తామే కొంత ఫ్రీ రాడికల్స్‌ని పుట్టిస్తాయి. పక్కనున్న యాంటీఆక్సిడెంట్లని, అవోబెన్‌జోన్ లాంటి రసాయన ఫిల్టర్లని అవి తినేస్తాయి. 2021లో ఒక బృందం మామూలు రసాయన ఫిల్టర్ల సన్‌స్క్రీన్‌లో జింక్ ఆక్సైడ్ కలిపి రెండు గంటలు యూవీ కింద పెడితే యూవీఏ (యూవీలో చర్మం లోతుకి దిగే రకం) రక్షణ బాగా పడిపోయింది. కొందరు ఆన్‌లైన్‌లో అవోబెన్‌జోన్ కొని జింక్‌తో కలుపుతున్నారు, ఆ జోలికి పోకండి. పొడి కొనేటప్పుడు సిలికా, డైమెథికోన్ లేదా ట్రైఎథాక్సీ క్యాప్రిలైల్ సైలేన్ కోటింగ్ ఉన్నదే అడగాలి. ప్యారీస్ కార్నర్ వైపు కెమికల్ షాపుల్లో "జింక్ ఆక్సైడ్" అంటే రబ్బరుకి, పెయింటుకి వాడే గ్రేడు కూడా చేతిలో పెడతారు. సీసం, కాడ్మియం ఎంతున్నాయో రాసిన సర్టిఫికెట్ లేకుండా ముఖానికి పూసేది కొనకూడదు.

పొడి సరైనదే అయినా, చేత్తోనో హ్యాండ్ బ్లెండర్‌తోనో కలిపితే ముద్దలు విడిపోవు. మీరే చూడండి. గాజు పలక మీద క్రీము పల్చగా ఒక్క లాగు లాగి, ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకోండి. తెల్లటి చుక్కలు, మధ్యలో సూది బెజ్జాల్లాంటి ఖాళీలు కనిపిస్తాయి. ఆ బెజ్జాల్లోంచి ఎండ తిన్నగా లోపలికి దిగుతుంది. ఫ్యాక్టరీలో దీనికోసం మూడు రోలర్ల మిల్లులు, హోమోజినైజర్లు వాడతారు. అన్నీ ఉన్నవాళ్లే తప్పుతున్నారు: 2020 చివర్లో ఒక కొరియన్ బ్రాండు, డబ్బా మీద 50 పైన అని ఉన్నది, స్వతంత్ర పరీక్షల్లో 20 దగ్గర తేలింది. ఎక్కడైనా 20 శాతం జింక్ వేస్తే ఎస్పీఎఫ్ ఇంత అని లెక్క కట్టి చెప్తే, ఆ అంకె కాగితం మీదే ఉంటుంది.

"రాసుకుంటే ఎర్రబడలేదు, పనిచేస్తోంది" అని మీరు రాశారు. ఇక్కడ రెండు సంగతులున్నాయి. బిసబొలాల్, అతిమధురం, కొన్ని మొక్కల ఎక్స్‌ట్రాక్ట్‌లు మంటని, ఎరుపుని తగ్గిస్తాయి. కిరణాలు లోపలికి వెళ్తూనే ఉంటాయి, ఎరుపు మాత్రం కనపడదు. యాంటీఆక్సిడెంట్ ఎక్కువ వేసిన క్రీముకి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. రెండోది, మన చామనఛాయ మీద ఎరుపు ఎలాగూ సరిగ్గా తెలియదు. యూవీఏ అయితే అసలు ఎర్రబడనివ్వకుండానే నెలల తరబడి మంగు ముదిరిస్తుంది. చెన్నైలో వేసవి మధ్యాహ్నం యూవీ సూచిక 11 దాటుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో అదే పై మెట్టు. రోహిణి కార్తెలో స్కూటీ మీద ఓఎంఆర్ సిగ్నల్ దగ్గర నిలబడే మనిషికి ఊహించుకున్న ఎస్పీఎఫ్ చాలదు.

కాబట్టి నా సలహా: సన్‌స్క్రీన్ కొనండి, యాంటీఆక్సిడెంట్ సీరమ్ ఇంట్లో చేసుకోండి. పొద్దున సీరమ్, అది ఆరాక పైన సన్‌స్క్రీన్. మీ అభిరుచీ తీరుతుంది, ఆమ్లం, జింక్ ఒకే డబ్బాలో పడవు.

సులువైనది నియాసినమైడ్, అంటే విటమిన్ బి3 లో ఒక రూపం. దాన్ని ఖచ్చితంగా యాంటీఆక్సిడెంట్ అనలేం గానీ యూవీ తర్వాత చర్మ కణాలు మరమ్మతు చేసుకోవడానికి శక్తినిస్తుంది, జిడ్డు తగ్గిస్తుంది, మంగుకి కూడా కొంత పనిచేస్తుంది. మన ఎండకి, వేడికి పాడవదు, అందుకే నాకు ఇష్టం. 50 గ్రాముల బ్యాచ్‌కి నియాసినమైడ్ 2 గ్రాములు, గ్లిసరిన్ 2 గ్రాములు, ప్యాంథెనాల్ 0.5 గ్రాము, క్సాంథన్ గమ్ 0.15 గ్రాము, డైసోడియం ఈడీటీఏ 0.05 గ్రాము, ఫినాక్సీ ఇథనాల్, ఇథైల్‌హెక్సైల్ గ్లిసరిన్ కలిపి అమ్మే ప్రిజర్వేటివ్ 0.5 గ్రాము, మిగతాది నీళ్లు. గమ్‌ని ముందు గ్లిసరిన్‌లో కలిపి తర్వాత నీళ్లలో వేస్తే ఉండ కట్టదు. పీహెచ్ కాగితంతో చూసి 5.5, 6 మధ్య ఉంచండి. మరీ ఆమ్లంగా ఉంటే నియాసినమైడ్ కొంత నికోటినిక్ యాసిడ్‌గా మారి ముఖం వేడెక్కి కందిపోతుంది. అందుకే విటమిన్ సి పొడి ఇందులో పడకూడదు.

నీళ్ల గురించి చిన్న మాట. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వద్దు. వాటిలోని ఇనుము, రాగి లేశమాత్రం ఉన్నా ఆక్సీకరణని పరుగెత్తిస్తాయి. ఈడీటీఏ వేయమన్నది వాటిని పట్టుకోవడానికే. డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, ఒకసారి మరిగించి చల్లార్చి వాడండి. రాగి, ఇత్తడి గిన్నెలు ఈ పనికి తీయకండి, గాజు లేదా స్టీలు చాలు.

విటమిన్ సి మీదే మనసుంటే దానికి ఒక పేరున్న కలయిక ఉంది: 15 శాతం ఆస్కార్బిక్ యాసిడ్, 1 శాతం ఆల్ఫా టోకోఫెరాల్, 0.5 శాతం ఫెరూలిక్ యాసిడ్. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో షెల్డన్ పిన్నెల్ బృందం 2005లో చూపించింది ఏమిటంటే, సి, ఇ కలిస్తే చర్మానికి దాదాపు నాలుగు రెట్ల రక్షణ, ఫెరూలిక్ చేరితే అది ఎనిమిది రెట్లయింది. మీరు అడిగిన ఫెరూలిక్‌కి జవాబు ఇదే: మంచిదే, కానీ ఆమ్ల సీరమ్‌లో, సి, ఇ లతో కలిసి. జింక్ క్రీములో దానికి చోటు లేదు. ఇంట్లో చేయడం కష్టమని ముందే చెప్తున్నాను. ఫెరూలిక్ నీళ్లలో సరిగ్గా కరగదు, ముందు ప్రొపిలీన్ గ్లైకాల్‌లోనో ఎథాక్సీ డైగ్లైకాల్‌లోనో కరిగించాలి. టోకోఫెరాల్‌కి సాల్యుబిలైజర్ (నూనెని నీళ్లలో కలిసేలా చేసేది) కావాలి. ఒకేసారి 15 మిల్లీలీటర్లకి మించి చేయకండి, ముదురు సీసాలో నిండుగా పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. లేత గడ్డి రంగు దాకా పర్వాలేదు, టీ రంగుకి వచ్చిందంటే పారబోయండి.

కోక్యూటెన్ నూనెలో కరిగే నారింజ పొడి, బట్టలకి అంటుతుంది, ఖరీదు. రెస్వెరాట్రాల్ వెలుగు తగిలితే రూపం మార్చుకుంటుంది, రాత్రి క్రీములో వేసుకోండి. పసుపు ఎండలో నిలవదు, క్షారం తగిలితే ఎర్రబడుతుంది. రెటినైల్ పాల్మిటేట్ (విటమిన్ ఎ లో ఒక రూపం) పగటి పూట వద్దు.

మీ అసలు బాధ కళ్ల మంట కదా. ఎక్కువగా అవోబెన్‌జోన్ లాంటి రసాయన ఫిల్టర్లు చెమటతో కలిసి కళ్లలోకి దిగితే మండుతుంది. కంటి చుట్టూ, నుదుటి మీద జింక్ మాత్రమే ఉన్న స్టిక్ వాడి, మిగతా ముఖానికి "వాటర్ రెసిస్టెంట్" అని రాసినది వాడితే చాలావరకు తగ్గుతుంది. మంగు ఉందంటే ఐరన్ ఆక్సైడ్లు ఉన్న రంగు సన్‌స్క్రీన్ తీసుకోండి, మన చర్మంలో మంగుని మామూలు వెలుతురు కూడా పెంచుతుంది, తెల్లటి క్రీములు దాన్ని సరిగ్గా ఆపలేవు. ఇక్కడ ఏ యాంటీఆక్సిడెంట్ కంటే ఐరన్ ఆక్సైడే మేలు. రెండు వేళ్ల పొడుగున క్రీము పిండి రాయండి, చాలామంది అందులో సగం కూడా రాయరు. హెల్మెట్‌కి ముదురు వైజర్, చేతులకి ఫుల్ స్లీవ్స్. వీటి ఎస్పీఎఫ్ గురించి ఎవరికీ సందేహం ఉండదు.

ఆఫీసు వాళ్లకి ఇవ్వచ్చా అన్నారు. సన్‌స్క్రీన్ అయితే ఇవ్వకండి, డబ్బు తీసుకోకపోయినా సరే. రక్షణ ఉందనుకుని వాళ్లు బీసెంట్ నగర్ బీచ్‌లో సాయంత్రం దాకా కూర్చుంటారు. అమ్మడం మొదలుపెడితే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద తయారీ లైసెన్సు కావాలి, ఇంటి వంటగదికి అది రాదు. నియాసినమైడ్ సీరమ్ ఒక స్నేహితురాలికి ఇవ్వాలనుకుంటే సీసా మీద తయారుచేసిన తేదీ, అందులో ఏమేం వేశారో రాసి, చెవి వెనక రెండు రోజులు రాసి చూడమని చెప్పి ఇవ్వండి. ఇప్పుడున్న నారింజ రంగు డబ్బాని మాత్రం సింకులో కడగకండి, జింక్ నీళ్లలోకి పోతుంది. కాగితంతో తుడిచి చెత్తలో వేయండి.